తిరునాళ్ళు - ఉరుసులు

విద్యార్థులారా! మీ యింటి గోడకు వ్రేలాడు క్యాలెండరును ఒకమారు శ్రద్ధతో పరిశీలింపుడు. అందు ఎర్ర అక్షరములతో అచ్చువేసిన పండుగలు ఏటేట ఒకే చోట నిలిచియుండవు. క్రిస్మసు మాత్రము డిసెంబరు 25వ తేదీని విడిచి కదలదు. ఉగాది ఒక యేడు మార్చిలోను, మరియొక యేడు ఏప్రిలులోను వచ్చును. కాని వసంతఋతువు నుండి తొలగిపోదు. రంజాను, మొహర్రము, మీలాదు పండుగల నడక వీనికి భిన్నమైనది. అవి ఏడాదికి పదునొకండు దినముల చొప్పున వెనుకకు జరుగుచు, ఎండలలోను, వానలలోను, చలిలోను సంచరించి, సుమారు ముప్పదిమూడేండ్లకు బయలుదేరిన చోటికి వచ్చి చేరును. ఒకే ఊరిలో, ఒకే వీథిలో కాపురముండువారు మూడు విధములైన కాలగణనలను అనుసరించుచున్నారన్న మాట. అట్టి ఊరిలో రెండు పండుగలు ఒకే దినమున, ఒకే బాటపై ఎదురుపడుట ఎన్నడో ఒకనాడు తప్పదు. అప్పుడేమి చేయవలెను? తెలుగునేలపై ఈ ప్రశ్న పలుమారులు పుట్టినది; మొన్నమొన్న కూడ పుట్టినది. దానికి సమాధానము చెప్పుకొనుటకు ముందు, పండుగల లెక్కయు, మన తిరునాళ్ళ తీరును కొంత తెలిసికొందము.

ఒక అమావాస్య నుండి మరియొక అమావాస్యకు సుమారు ఇరువది తొమ్మిదిన్నర దినములు. ఇట్టి నెలలు పండ్రెండు కలిసిన 354 దినములగును. సూర్యుని బట్టి లెక్కించు సంవత్సరమునకు 365 దినములు. ఈ పదునొకండు దినముల తేడాను మన పంచాంగకర్తలు ఉపేక్షింపరు. సుమారు ముప్పదిరెండు, ముప్పదిమూడు నెలలకొక పర్యాయము ఒక అధికమాసమును చేర్చి లెక్క సరిచేయుదురు. అందుచేతనే దీపావళి ఎన్నడును వేసవిలోనికి జారిపోదు. ముస్లిముల హిజ్రీ సంవత్సరమున అధికమాసము లేదు. నెలవంక కంటబడిన సాయంకాలము క్రొత్త నెల మొదలగును. అట్టి నెలలు పండ్రెండు ముగియగానే క్రొత్త సంవత్సరము. ఇక క్రైస్తవుల పండుగలలో పెక్కు సూర్యమానమును అనుసరించునవే. ఈస్టరు మాత్రము వసంతకాలపు పూర్ణిమను చూచుకొని, దాని తరువాతి ఆదివారమున వచ్చును. వారికిని చంద్రునితో పని తప్పలేదు!

ఇందొక చమత్కారము కలదు. తెలుగువారి నెల అమావాస్య మరునాడు శుద్ధ పాడ్యమితో ఆరంభమగును. హిజ్రీ నెల నెలవంకతో, అనగా విదియ, తదియల ప్రాంతమున ఆరంభమగును. కావున రెండు లెక్కల నెలలును ఒకటి రెండు దినముల యెడముతో జంటగా నడచును. పేర్లు వేరు; చంద్రుడొక్కడే. 2015 మొదలు 2017 వరకు మూడేండ్లు మొహర్రము నెల మన ఆశ్వయుజముతో జతపడెను. ఆ మూడేండ్లును దసరాయు, మొహర్రము పదియవ దినమును ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. 2016లో అక్టోబరు 11న విజయదశమి; 12న మొహర్రము. 2018లో ఒక అధికమాసము నడుమ ప్రవేశించి ఆ జంటను విడదీసినది.

మొహర్రమును మన పల్లెలలో పీర్ల పండుగ యందురు. నిజమునకు అది సంతోషపు పండుగ కాదు; సంతాపదినములు. క్రీ. శ. 680వ సంవత్సరమున, నేటి ఇరాకు దేశమునందలి కర్బలా మైదానమున, మహమ్మదు ప్రవక్త మనుమడగు హుస్సేను తన బంధువులతోను, కొలదిమంది అనుచరులతోను శత్రుసేనచే ముట్టడింపబడి, త్రాగుటకు నీరైనను లేక, పోరాడి ప్రాణములు విడిచెను. ఆ దినము మొహర్రము నెలలో పదియవది. ఆ దుఃఖమును ఏటేట స్మరించు ఆచారము గోల్కొండ నేలిన కుతుబ్ షాహీల కాలమున తెలుగుదేశమునకు వచ్చి వేరూనినది. హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్ షా 16వ శతాబ్దము చివర కట్టించిన బాదుషాహీ ఆషూర్‌ఖానా నేటికిని నిలిచియున్నది. దాని గోడలకు పొదిగిన రంగుపలకల సొగసు చూచి తీరవలసినది. 1908లో మూసీనది పొంగినప్పుడు క్రిందివరుసల పలకలు చెడిపోయినను, పైభాగము నాటి పనివాండ్ర నేర్పును చాటుచునే యున్నది. పదియవ నాడు నగరమున బీబీ కా ఆలం అను ధ్వజమును ఊరేగించునప్పుడు షియా ముస్లిములు ఱొమ్ములు బాదుకొనుచు వెంట నడతురు. అది శోకయాత్ర.

పల్లెకు వచ్చుసరికి ఈ శోకము వేరొక రూపము దాల్చినది. పీరు అను పారసీక పదమునకు పెద్దవాడు, గురువు అని అర్థము. పొడవైన కఱ్ఱకు పైన లోహపు హస్తమునో, ఆకువంటి బిళ్ళనో అమర్చి, రంగురంగుల దట్టీలు చుట్టి నిలిపిన ధ్వజమే మన పల్లెలలో పీరు. హస్తమునందలి అయిదు వ్రేళ్ళు ప్రవక్తను, ఆయన కుమార్తె ఫాతిమాను, అల్లుడు అలీని, మనుమలు హసను హుస్సేనులను సూచించునని చెప్పుదురు. ఏడాది పొడవునను ఈ పీర్లు పెట్టెలో పదిలముగ నుండును. మొహర్రము నెలవంక కనబడిన పిమ్మట వానిని వెలికిదీసి, శుభ్రముచేసి, పీర్ల చావడిలో నిలుపుదురు. చావడి ముంగిట గుండము త్రవ్వి, కట్టెలు పేర్చి నిప్పు చేయుదురు. రాత్రివేళ ఊరివారు డప్పుల మ్రోతకు అనుగుణముగ అడుగులు వేయుచు ఆ గుండము చుట్టును తిరుగుదురు. వారు పాడు పాటలలో కర్బలాలోని దాహమును, తల్లుల యేడ్పును, పసిబిడ్డల మరణమును తెలుగు మాటలలోనే వినవచ్చును. చివర దినములలో మ్రొక్కు కలవారు నిప్పులపై నడతురు. పదియవ నాడు పీర్లు వీథులు తిరిగి నీళ్ళకు పోవును. చెరువుననో, ఏటిలోనో శుభ్రపరచి, దట్టీలు విప్పి, మరల పెట్టెలో భద్రపరతురు.

ఈ పనులన్నియు ముస్లిములే చేయుదురని తలంపకుడు. పీరును ఎత్తుకొనువారిలో రైతులుందురు. గుండమునకు కట్టెలు తెచ్చువారు, డప్పు వాయించువారు, చావడికి సున్నము కొట్టువారు పెక్కుచోట్ల హిందువులే. ముస్లిము కుటుంబము ఒక్కటియు లేకున్నను పీర్లను నిలుపు పల్లెలు కలవు. భక్తులు తెచ్చిన చక్కెరకు, బెల్లమునకు ముజావరు ప్రార్థన చదివి తిరిగి యిచ్చును. దీనిని రాయలసీమలో చక్కెర చదివింపు లందురు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఫకీరు చేయింతుమని మ్రొక్కుకొన్న తల్లిదండ్రులు, ఆ బిడ్డ మెడలో రంగుదారము వేసి, ఇంటింట బిచ్చమెత్తించి, ఆ వచ్చినదానిని పీర్లకు సమర్పింతురు. మ్రొక్కు ఫలించి పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుదురు. మస్తానమ్మ, ఉసేనమ్మ, ఫకీరప్ప, దస్తగిరి, కుళ్ళాయప్ప - ఈ పేర్లు గల హిందువులు మన జిల్లాలలో ఎందరో కలరు. పేరును బట్టి మతమును ఊహించువాడు వారి ముందు చిక్కుపడక తప్పదు.

కుళ్ళాయప్ప యను పేరునకు మూలమైన క్షేత్రము అనంతపురము జిల్లా నార్పల మండలమందలి గూగూడు గ్రామము. కుళ్ళాయి యనగా టోపి. కర్బలా యుద్ధమున మరణించిన కాసిమునే అచ్చటివారు కుళ్ళాయిస్వామి యని కొలుతురు. మొహర్రము దినములలో ఆంధ్రప్రదేశము నుండియే కాక కర్ణాటకము నుండియు జనులు అచ్చటికి తరలివత్తురు. పీర్ల చావడికి చేరువనే ఆంజనేయస్వామి గుడి కలదు. వచ్చినవారు రెండు చోట్లను మ్రొక్కి పోవుట వాడుక. ఈ పండుగను ఏండ్ల తరబడి పరిశీలించి, అఫ్సర్ మహమ్మద్ అను తెలుగు కవి, పరిశోధకుడు 2013లో ఆంగ్లమున ఒక గ్రంథమును వెలువరించిరి. మన పల్లెలోని చావడి దూరదేశముల విద్యాలయములలో చర్చకు వచ్చినదన్న మాట.

ఈ ఆచారములను అందరును మెచ్చరని కూడ ఇచ్చట చెప్పవలసియున్నది. ధ్వజములకు మ్రొక్కుట, నిప్పులు త్రొక్కుట ఇస్లాము ధర్మమునకు సమ్మతములు కావని వాదించు ముస్లిము పండితులు కలరు. పరమతపు వేడుకలతో మనకేమి పని యని ప్రశ్నించు హిందువులును కలరు. తమ మతమున ఏది చెల్లునో, ఏది చెల్లదో చెప్పుకొనుట వారి వారి హక్కు. దానిని త్రోసిపుచ్చుట తగదు. కాని చావడి ముందు నిలిచిన రైతు ఈ వాదముల జోలికి పోడు. తన తాత మ్రొక్కినాడు, తాను మ్రొక్కుచున్నాడు, వాన కురిసినది, బిడ్డ బ్రతికినది. అతనికి అంతవరకే తెలియును. అంతకు మించి తెలిసికొనవలెనని అతడు కోరుటయు లేదు.

మొహర్రము దినములలోనే నెల్లూరిలో జరుగు రొట్టెల పండుగ మరింత వింతగొలుపునది. నగరమున స్వర్ణాల చెరువు గట్టున బారాషహీదు దర్గా కలదు. బారా యనగా పండ్రెండు. షహీదు అనగా ధర్మమునకై ప్రాణమర్పించినవాడు. యుద్ధమున నేలకొరిగిన పండ్రెండుగురు వీరుల సమాధులు అచ్చట ఉన్నవి. ఈ పండుగ పుట్టుకను గూర్చి ఒక కథ ప్రచారములో నున్నది. రజక దంపతులు చెరువు గట్టున నిద్రించుచుండగా, ఆ వీరులు కలలో కనిపించి, ఆర్కాటు నవాబు భార్యకు వచ్చిన రోగము తమ సమాధుల చెంతనున్న మట్టితో నయమగునని తెలిపిరట. అట్లే నయము కాగా, నవాబు దంపతులు వచ్చి, ప్రార్థనలు చేసి, తాము తెచ్చుకొన్న రొట్టెలను అచ్చటివారికి పంచిరట. కథకు శాసనాధారములు వెదకుట చరిత్రకారుల పని. ఏటేట లక్షలాది జనులు ఆ చెరువునకు వచ్చుట మాత్రము కన్నులార చూడదగిన సత్యము.

వారు వచ్చి చేయు పని యేమి? చెరువు నీటిలో దిగి రొట్టెలు మార్చుకొందురు. దాని విధానము ఇట్టిది. ఉద్యోగము కావలెనని కోరువాడు నీటిలో నిలిచి "ఉద్యోగపు రొట్టె యెవరివద్ద నున్నది?" అని వెదకును. గత సంవత్సరములలో అదే కోరికతో రొట్టె తీసికొని, ఉద్యోగము పొందినవాడు, ఇంట రొట్టె చేయించుకొని తెచ్చి అతనికిచ్చును. పుచ్చుకొన్నవాడు దానిని అచ్చటనే భక్తితో తినును. కోరిక నెరవేరిన పిమ్మట అతడును రొట్టెతో తిరిగివచ్చి, తనవలె వెదకుచున్న వేరొకనికి ఇయ్యవలెను. సంతానపు రొట్టె, పెండ్లి రొట్టె, ఆరోగ్యపు రొట్టె, సొంత యింటి రొట్టె - ఇట్లు కోరికకొక రొట్టె కలదు. కాలము మారిన కొలది విదేశములకు పోగోరువారి రొట్టెయు వచ్చి చేరినది. చదువు రొట్టె సరేసరి. దానిని తిన్నంతమాత్రమున పుస్తకము తెరువవలసిన పని తప్పినదని మీరు మాత్రము తలంపకుడు!

ఈ యేర్పాటును కొంత ఆలోచించి చూడవలెను. ఇచ్చట అప్పుపత్రము లేదు, సాక్షి లేడు, లెక్క వ్రాయు గుమస్తా లేడు. రొట్టె తీసికొన్నవాడు తిరిగి రాకున్నను అడుగువారు లేరు. అయినను ఏటేట రొట్టెలిచ్చువారు వచ్చుచునే యున్నారు. ఇచ్చువానికి పుచ్చుకొనువాడెవరో తెలియదు. అడుగునది "నీ మతమేమి?" అని కాదు, "నీకేమి రొట్టె కావలెను?" అని. బిడ్డలు లేని ముస్లిము స్త్రీకి బిడ్డనెత్తుకొని వచ్చిన హిందూ స్త్రీ రొట్టె యిచ్చుట, పెండ్లి కాని హిందూ యువకునికి ముస్లిము గృహస్థు రొట్టె యిచ్చుట ఆ నీటిలో నిత్యము కనబడు దృశ్యములు. ఒకరి కష్టమును తాను అనుభవించి గట్టెక్కినవాడే, ఆ కష్టములోనున్న రెండవవానికి ధైర్యము చెప్పుట ఇందలి అసలు సంగతి. అందుచేతనే ఉద్యోగమున్నవాడు ఉద్యోగపు రొట్టెనే ఇయ్యవలెను గాని, చేతికి వచ్చినదెల్ల ఇచ్చుటకు వీలులేదు.

మొహర్రము పదియవ దినపు ప్రాంతమున ఆరంభమై, ఈ మధ్య కాలమున అయిదు దినములు సాగుచున్న యీ పండుగలో గంధ మహోత్సవము ముఖ్యమైనది. రాత్రివేళ గంధపు బిందెలను ఊరేగింపుగ దర్గాకు తెచ్చి, సమాధులకు అలది, భక్తులకు పంచుదురు. చంద్రమానపు లెక్క కావున ఈ పండుగయు ఋతువులు మారుచుండును. చెరువు నిండుగా నున్న యేడు కలదు, ఎండలు మండు యేడు కలదు. స్నానఘట్టములు, నీటి లోతు, గజయీతగాండ్ర కాపు, త్రాగునీరు, తప్పిపోయిన పిల్లలను చేర్చు శిబిరము - ఇవన్నియు ఆ యేటి ఋతువును బట్టి నిర్ణయింపవలసియుండును. పండుగ భక్తితో జరుగునందురు. నిజమే, కాని పారిశుద్ధ్యపు పనివారు తెల్లవారుజామున వచ్చి చెరువు గట్టు ఊడ్వనిచో ఆ భక్తి రెండవనాటికి నిలువజాలదు.

నెల్లూరికి పడమటనున్న కడపలో మరియొక వింత కలదు. దేవుని కడపలోని లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయము తిరుమల యాత్రకు తొలి గడప యని ప్రసిద్ధి. ఉగాది నాడు వేకువనే ఆ గుడి ముంగిట ముస్లిము కుటుంబములు బారులు తీరి నిలుచును. కొబ్బరికాయ, బెల్లము, చింతపండు, వేపపూత తెచ్చి స్వామికి సమర్పించి, ప్రసాదము కండ్లకద్దుకొని పోవుదురు. దీనికి వారు చెప్పు కారణము మిక్కిలి మనోహరమైనది. స్వామి బీబీ నాంచారి యను ముస్లిము కన్యను పెండ్లియాడెనని ప్రతీతి. కావున ఆయన తమ యింటి అల్లుడు. క్రొత్త సంవత్సరము నాడు అల్లుని చూడబోవునప్పుడు వట్టి చేతులతో పోవుట మర్యాద కాదు గదా! ఇదే కడపలో పెద్ద దర్గా యని పేరొందిన అమీను పీరు దర్గా ఉరుసునకు హిందువులు పోవుట కూడ వాడుకయే. రాకపోకలు రెండు వైపులను కలవు.

కృష్ణాతీరమున విజయవాడ చెంతనున్న గుణదల కొండకు ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు మేరీమాత ఉత్సవములకు చంద్రునితో పని లేదు. ఫ్రాన్సు దేశమందలి లూర్దు గ్రామమున 1858 ఫిబ్రవరి 11న మేరీమాత ఒక బాలికకు దర్శనమిచ్చెనని కతోలిక క్రైస్తవుల విశ్వాసము. ఆ తేదీయే ఇచ్చటను నిలిచినది. 1924లో ఆర్లాటి యను ఇటలీ దేశపు గురువు ఇచ్చట మాత ప్రతిమను నెలకొల్పిరి. కాని ఉత్సవమునకు పోయినవాడు ఇది యేదో విదేశపు తంతు అని భ్రమపడడు. కొబ్బరికాయలు కొట్టువారు, తలనీలాలు సమర్పించువారు, పొర్లుదండములు పెట్టువారు అచ్చట కనబడుదురు. తిరుమలలో తలనీలాలిచ్చిన చేతులే గుణదలలో కొవ్వొత్తి వెలిగించును. మ్రొక్కు అనునది మన జనులకు ఒక భాష వంటిది. దేవుడెవరైనను వారు ఆ భాషలోనే మాటాడుదురు.

తిరునాళ్ళలో దేవుని దర్శనముతోపాటు చూడదగినది అంగడి వీథి. గాజులు, బొరుగులు, బత్తాసులు, ఖర్జూరములు, కొయ్యబొమ్మలు, రంగులరాట్నము - ఈ దుకాణములవారు ఒక ఉత్సవము ముగియగానే మూటలు కట్టుకొని రెండవదానికి పోవుదురు. శివరాత్రి తిరునాళ్ళలో కనబడిన గాజుల వర్తకుడే కొలది నెలలకు ఉరుసులో కనబడును. వారి చేతి పుస్తకములో మూడు మతముల తిథులును వరుసగా వ్రాసియుండును. పంచాంగముల నన్నిటిని నిజముగా ఎరిగినవారు వీరేయని నా తలంపు.

ఇక వాద్యకారుల మాట. చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతములందలి ముస్లిము కుటుంబములు తరతరములుగా నాదస్వరమును అభ్యసించి, హిందువుల దేవాలయములలో మేళము వాయించుచున్నవి. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా గారు ఇట్టి కుటుంబములోని వారే. ఆయన శ్రీరంగమున స్థిరనివాస మేర్పరచుకొని, రంగనాథుని సన్నిధిని నాదస్వరము వాయించి, 1977లో పద్మశ్రీ బిరుదమును, 1998లో మద్రాసు సంగీత విద్వత్సభ వారి సంగీత కళానిధి బిరుదమును పొందిరి. ఆయన మతము మార్చుకొనలేదు, నమాజు మానలేదు. త్యాగరాజ కీర్తన వాయించునప్పుడు రాగమునకు వలసిన శుద్ధి తప్ప వేరేమియు ఆయనను అడిగినవారు లేరు. 1999లో ఆయన దివంగతులైరి. ఆ విద్య ఆయన మనుమలలోను, శిష్యులలోను నిలిచియున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. రెండు పండుగలు ఒకే బాటపై ఎదురుపడిన ఏమి చేయవలెను?

హైదరాబాదులో వినాయక నిమజ్జనము అనంతపద్మనాభ చతుర్దశి నాడు, అనగా భాద్రపద శుద్ధ చతుర్దశి నాడు జరుగును. బాలాపూరు నుండి బయలుదేరిన పెద్ద ఊరేగింపు చార్మినారు మీదుగ సాగి హుస్సేనుసాగరమును చేరును. వేలకొలది విగ్రహములు, లక్షలకొలది జనులు. (ఆ సాగరమునకు పేరు హుస్సేను షా వలీ యను సూఫీ మహాత్మునిది, 16వ శతాబ్దమున ఆయన పర్యవేక్షణలోనే అది నిర్మింపబడినదందురు. ప్రతి సంవత్సరము గణపతి ఆ చెరువులోనే మునుగుచున్నాడు.) మీలాదు అనునది ప్రవక్త జన్మదినము, రబీయుల్ అవ్వలు నెలలో పండ్రెండవ దినము. ఆనాడును ఆ పాతనగరపు వీథులలోనే పచ్చజెండాల ఊరేగింపు సాగును. రబీయుల్ అవ్వలు నెల భాద్రపదముతో జతపడిన యేట, ముందు చెప్పిన లెక్క ప్రకారము, ఆ పండ్రెండవ దినమును మన చతుర్దశియు ఒకే దినమున గాని, ఒక దినము యెడముతో గాని వచ్చి తీరవలెను. 1991, 1992లలో అట్లే వచ్చినవి. మరల 2023లో సెప్టెంబరు 28న రెండును ఒకే దినమున పడినవి.

అన్ని వీథులును ఇరుకైనవే. రెండు ఊరేగింపులలోను ఉత్సాహవంతులగు యువకులే అధికము. ఒక రాయి పడినను, ఒక వదంతి పుట్టినను ఎట్టి అనర్థము వాటిల్లునో ఆ నగరపు పెద్దలెరుగనిది కాదు. మీలాదు ఊరేగింపును జరుపు ముస్లిము పెద్దలు ముందుగానే కూడి ఆలోచించి, తమ ఊరేగింపును అక్టోబరు 1వ తేదీకి మార్చుకొనిరి. ప్రవక్త జన్మదినము మారలేదు. మసీదులలో ప్రార్థనలు ఆనాడే జరిగినవి. మారినది వీథిలో నడచు దినము మాత్రమే. 2024లో సెప్టెంబరు 16న మీలాదు, 17న నిమజ్జనము వచ్చినవి. ఊరేగింపు 19వ తేదీకి మారినది. 2025లోను ఒక్క దినము యెడమే కలిగినది. అప్పుడును ఊరేగింపును నిమజ్జనము తరువాతికి జరిపిరి. ఒక్కయేడు ఓర్చుకొనుట కష్టము కాదు. వరుసగ మూడేండ్లు ఒకే పక్షమువారు తమ దినమును వెనుకకు జరుపుకొనుట సామాన్యమైన సంగతి కాదు. పత్రికలలో అది నాలుగు పంక్తుల వార్తగ వచ్చి మరుగున పడినది. గొడవ జరిగియుండిన పుటలు నిండియుండెడివి.

2026లో అధిక జ్యేష్ఠమాసము పడుటచే ఈ జంట విడిపోవుచున్నది. ఆ యేడు మీలాదు ఆగస్టు చివరను, అనంత చతుర్దశి సెప్టెంబరు 25నను పడును. అటుపిమ్మట ఏటికి కొంత చొప్పున దూరమై, ఋతువులన్నియు చుట్టివచ్చి, ఈ రెండు పండుగలు మరల చార్మినారు వద్ద కలిసికొనుటకు ముప్పది యేండ్లు పట్టును. ఇప్పుడు ఎనిమిదవ తరగతి చదువుచున్న వారికి అప్పటికి నలుబది మూడు, నలుబది నాలుగేండ్లుండును. ఏ ఊరేగింపు ఏనాడు నడువవలెనో కూర్చుండి మాటాడుకొను పెద్దలలో వారును ఉందురు.